నిదానపు ప్రాణం

1999లో అమెరికాలోని ఒక ప్రముఖ వైద్య పత్రికలో ఇద్దరు వైద్యులు రాసిన చిన్న లేఖ అచ్చయింది. అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో, ఏడాదికి కాస్త తక్కువ కాలంలో, గిలకపాము కరిచి ఆసుపత్రికి వచ్చిన 34 మంది వివరాలు అందులో ఉన్నాయి. వారిలో ఐదుగురిని కరిచినవి అప్పటికే చచ్చిపోయాయని వాళ్లు నమ్మిన పాములు. కొట్టో, కాల్చో, నరికో చంపేశామనుకున్నారు. దగ్గరికి వెళ్లి ముట్టుకున్నారు. కాటు పడింది. చంపిన పామును కూడా చేత్తో తాకవద్దని జనాన్ని హెచ్చరించడం ఆ లేఖ ఉద్దేశం. ఆ హెచ్చరిక అవసరమే. కానీ అదే సమాచారాన్ని పాము వైపు నుంచి చదివితే వేరే ప్రశ్న లేస్తుంది. మొండెం నుంచి వేరైన తల తనను తాకిన చేతిని పసిగట్టి, నోరు తెరిచి, కోరలు దించి, విషం వదలగలిగితే ఆ తలలో ఇంకా ఏదో నడుస్తోందన్నమాట. అది ఎంతసేపు నడుస్తుంది? ఆ సేపంతా ఆ ప్రాణికి ఏమవుతుంది? ఏటా మార్చి నెలలో టెక్సాస్‌లోని ఒక చిన్న ఊళ్లో వేలమంది టికెట్టు కొని చూసే వేడుకకు ఈ ప్రశ్నతో సూటి సంబంధం ఉంది.

ఆ ఊరి పేరు స్వీట్‌వాటర్. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్ నుంచి ఇరవయ్యో నంబరు హైవే మీద పడమటికి రెండు వందల మైళ్లు దాటి వెళితే వస్తుంది. జనాభా పది వేల పైచిలుకు. అక్కడి జేసీస్ సంఘం 1958 నుంచి 'రాటిల్‌స్నేక్ రౌండప్' నిర్వహిస్తోంది. రౌండప్ అంటే బయళ్లలో చెదిరి మేస్తున్న పశువులను తోలుకొచ్చి ఒకచోట చేర్చడం. పశువుల కాపరుల మాటను పాములకు వాడుకున్నారు. వేడుకకు ముందు కొన్ని వారాలపాటు వేటగాళ్లు కొండరాళ్ల సందుల్లోంచి గిలకపాములను పట్టి పీపాల్లో, పెట్టెల్లో పోగుచేస్తారు. నిర్వాహకులు వాటిని పౌండుకింత అని ధర కట్టి తీసుకుంటారు. మైదానంలో గోతుల్లాంటి దడులు కట్టి వందలకొద్దీ పాములను ఒకదాని మీద ఒకటి పోస్తారు. ఒక దడిలో తూకం, ఒక దడిలో విషం పిండటం, మరో దడిలో తల నరికి చర్మం ఒలవడం. మాంసాన్ని అక్కడే నూనెలో వేయించి అమ్ముతారు. సందర్శకులు, వారిలో పిల్లలు కూడా, తామే చర్మం ఒలిచి, రక్తమంటిన అరచేతిని తెల్లటి గోడ మీద అద్ది కింద పేరు రాసుకోవచ్చు. 2016లో అక్కడికి చేరిన పాముల బరువు 24 వేల పౌండ్లు దాటింది. మన లెక్కలో దాదాపు 11 టన్నులు. ఇలాంటి వేడుకలు ఈ ఒక్క ఊరికే పరిమితం కాదు. ఓక్లహోమాలోని ఒకీన్‌లో 1939లోనే మొదలయ్యాయి. అలబామా, జార్జియా, ఫ్లోరిడా, పెన్సిల్వేనియా రాష్ట్రాలకూ పాకాయి.

ఈ వేడుకలను సమర్థించేవాళ్లు పాముకు నొప్పి ఉండదని గట్టిగా వాదించరు. ఆ ప్రశ్న అడగవలసిన అవసరమే వాళ్లకు కనిపించదు. కనిపించకపోవడానికి కారణం క్రూరత్వం కాదని, పాము శరీరం నడిచే తీరు మనకు తెలియకపోవడమేనని నా అభిప్రాయం. గిలకపాము నిదానంగా బతికే ప్రాణి. దాని గుండె, ఆకలి, పెరుగుదల, సంతానం, చివరికి చావు కూడా మన గడియారానికి అందనంత నిదానం. ఆ నిదానాన్ని మనం మొద్దుతనం అనుకుంటున్నాం. రౌండప్‌లో దానికి కలిగే బాధ, అడవిలో దాని జాతికి జరిగే నష్టం వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఆ ఒక్క నిదానం నుంచే పుడుతున్నాయి.

ముందు శరీరం సంగతి. గిలకపాము మన రక్తపింజరి కుటుంబానికి చెందినదే. రక్తపింజరిలాగే గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. పాములు తమ ఒంటి వేడిని తామే పుట్టించుకోలేవు. ఎండ నుంచి, రాతి నుంచి తీసుకుంటాయి. అందుకే అంతే బరువున్న క్షీరదానికి కావలసిన శక్తిలో పదోవంతుతోనే గడుపుకోగలవు. ప్రయోగశాలలో కొన్ని జాతుల పాములను, వాటిలో టెక్సాస్ గిలకపామును కూడా, సుమారు 24 వారాలు ఆహారం లేకుండా ఉంచి గమనించారు. అవి చావలేదు. శరీరంలో శక్తి ఖర్చును 72 శాతం దాకా తగ్గించుకొని, అవసరమైతే తమ కండరాలనే కరిగించుకొని నిలబడ్డాయి. ఇది ప్రకృతి ఇచ్చిన గొప్ప నేర్పు. కానీ ఇదే వాటికి శాపమైంది. కుక్కనో మేకనో నెలరోజులు తిండి పెట్టకుండా పీపాలో కుక్కి పెడితే అది చచ్చిపోతుంది. పెట్టినవాడి నేరం బయటపడుతుంది. పాము చావదు గనక నేరం కనిపించదు. నీళ్ల విషయంలో మాత్రం అంత ఓపిక లేదు. పొడి నేలల్లో బతికే టెక్సాస్ గిలకపాము వాన పడినప్పుడు ఒళ్లు చుట్టచుట్టి, బల్లపరుపుగా పరుచుకొని, తన చర్మం మీద నిలిచిన చినుకులనే తాగుతుంది. వాన చుక్క కోసం ఇంత తాపత్రయపడే ప్రాణిని వారాలపాటు నీళ్లు లేకుండా పీపాలో ఉంచుతున్నారు.

చావు సంగతి ఇంతకంటే కష్టమైనది. క్షీరదం తల తెగితే మెదడుకు రక్తం ఆగిన కొద్ది క్షణాల్లో స్పృహ పోతుంది. మన మెదడుకు ఆక్సిజన్ ఆకలి చాలా ఎక్కువ. సరీసృపాల మెదడు అలాంటిది కాదు. తక్కువ ఆక్సిజన్‌తో, తక్కువ రక్తపోటుతో చాలాసేపు పనిచేయగలదు. తెగిన పాము తల గంట దాకా స్పందించగలదని తేలింది. అందుకే అమెరికా పశువైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో సరీసృపాల తల నరకడం ఒక్కటే చాలదని, వెంటనే మెదడును కూడా నాశనం చేయాలని చెప్పింది. రౌండప్ దడిలో ఆ రెండో పని ఎవరూ చేయరు. తలలను ఒక పక్కకు పోగేస్తారు. మొండేలను వేలాడదీసి ఒలుస్తారు. ఒలిచేటప్పుడు మొండెం మెలికలు తిరగడం వెన్నుపాము చేసే పని. అందులో స్పృహ లేదు. చూసేవాళ్లను కలవరపెట్టేది ఆ మెలికలే. నిజంగా కలవరపడవలసింది మాత్రం పక్కన కదలకుండా పడి ఉన్న తలను చూసి. పాముకు రెప్పలుండవు గనక కళ్లు మూయదు. గొంతు లేదు గనక అరవదు. నొప్పిని మనం గుర్తుపట్టే ఆనవాళ్లు రెండూ దానికి లేవు.

నొప్పి ఉందా అనే ప్రశ్నకు విజ్ఞానం ఇచ్చిన జవాబు ఏమిటి? సరీసృపాలకు హానికరమైన వేడిని, ఒత్తిడిని పట్టే నరాల కొసలు ఉన్నాయి. నొప్పిని అణిచే ఓపియాయిడ్ వ్యవస్థ కూడా వాటి ఒంట్లో ఉంది. తాబేళ్లకు మార్ఫిన్ ఇచ్చినప్పుడు కాలికి తగిలిన వేడిని అవి ఎక్కువసేపు ఓర్చుకున్నాయి. నొప్పే లేని శరీరంలో నొప్పిని తగ్గించే మందుకు పనేముంటుంది? గిలకపాము అనుభవం మన అనుభవం లాంటిదేనని ఇక్కడ ఎవరూ అనడం లేదు. అయితే దాని లోకం మనం అనుకున్నంత బీదది కాదని పరిశోధనలు ఒకటొకటిగా చెబుతున్నాయి. తల్లి గిలకపాము కన్న పిల్లలను వెంటనే వదిలి పోదు. అవి మొదటి కుబుసం విడిచేదాకా, వారం పది రోజులు, దగ్గరే ఉంటుంది. కొన్ని జాతుల పాములు ఒకే తల్లి బిడ్డలను గుర్తుపడతాయి. 2023లో దక్షిణ కాలిఫోర్నియా గిలకపాముల మీద జరిగిన ప్రయోగంలో, బెదిరిన పాము ఒంటరిగా ఉన్నప్పటికంటే పక్కన మరో పాము ఉన్నప్పుడు దాని గుండె వేగం తక్కువగా పెరిగింది. తోడు ఉంటే భయం తగ్గడం మనకు తెలిసిన విషయమే. పాములోనూ అది ఉందని ఆ గుండె కొలత చెప్పింది.

గిలక గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే వేడుకలో జనాన్ని ఎక్కువగా ఆకర్షించేది ఆ చప్పుడే. కుబుసం విడిచిన ప్రతిసారీ తోక చివర ఒక కొత్త గిలక చేరుతుంది. మన గోళ్లలో ఉండే కెరటిన్ పదార్థమే అది. తోక కండరాలు సెకనుకు పదుల సార్లు దాన్ని ఆడించగలవు. విషం తయారుకావడానికి శరీరం చాలా ఖర్చుపెట్టాలి. కాటు వేయడమంటే ఆ ఖర్చును వృథా చేసుకోవడం, పైగా ఎదుటి జంతువు గిట్టల కింద నలిగే ప్రమాదం. అందుకే ముందు హెచ్చరిక. 2021లో వెలువడిన ఒక అధ్యయనం టెక్సాస్ గిలకపాము ఈ హెచ్చరికను ఎంత తెలివిగా వాడుతుందో చూపించింది. ఎదుటి ప్రాణి దగ్గరవుతున్న కొద్దీ చప్పుడు వేగం మెల్లగా పెరుగుతూ సెకనుకు నలభై దాకా వస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అరవైకి, వందకు మధ్యకు ఎగురుతుంది. వినేవాడికి పాము తాననుకున్నదానికంటే చాలా దగ్గరగా ఉన్నట్టు తోచి అడుగు వెనక్కి పడుతుంది. అంటే ఆ చప్పుడు 'దగ్గరికి రాకు' అనే మాట. రౌండప్ మైదానంలో వందల పాములు గంటల తరబడి ఆ ఒక్క మాటే చెబుతుంటాయి. చుట్టూ నిలబడ్డవాళ్లు దాన్ని వాద్యంలా విని ఆనందిస్తారు.

ఇక అడవిలో జరిగేది. శీతాకాలంలో గిలకపాములు రాతి పగుళ్లలో, భూమి లోపలి కలుగుల్లో గుంపులుగా తలదాచుకుంటాయి. ఒక పాము తన జీవితంలో ఎక్కువ చలికాలాలు అదే కలుగులో గడుపుతుంది. మార్చిలో ఎండ కాస్త ముదరగానే కలుగు వాకిలి దగ్గర చలికాగుతాయి. స్వీట్‌వాటర్ రౌండప్ మార్చిలో జరగడానికి కారణం ఇదే. ఏడాదిలో చాలా నెలల్లో ఇన్ని పాములు ఒకే చోట దొరకవు. లోపలున్నవాటిని బయటికి రప్పించడానికి చాలాకాలంగా వాడుతున్న పద్ధతి పెట్రోలు. మందు కొట్టే పంపుకు పొడవాటి గొట్టం తగిలించి, దాన్ని పగులులోకి పోనిచ్చి, లోపల పెట్రోలు చల్లుతారు. ఆ ఆవిరికి తాళలేక పాములు బయటికి వస్తాయి. కొన్ని రావు. పాము నాలుకతో వాసన చూసే ప్రాణి. గాలిలోని రేణువులను నాలుక మీద మోసుకెళ్లి అంగిట్లో ఉన్న ప్రత్యేక అవయవానికి అందిస్తుంది. పెట్రోలు ఆవిరి దానికి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అంతేకాక ఆ కలుగు పాము ఒక్కదానిదే కాదు. అందులో కప్పలు, తొండలు, ఇతర పాములు, కీటకాలు ఉంటాయి. 1989లో టెక్సాస్ పరిశోధకులు ఈ జంతువులను పెట్రోలు ఆవిరిలో ఉంచి చూశారు. కొద్దిసేపటికే వాటి కదలికలు దెబ్బతిన్నాయి. ఎక్కువసేపు ఉంచితే చచ్చిపోయాయి. టెక్సాస్ సున్నపురాతి గుహల్లో ప్రపంచంలో మరెక్కడా లేని కళ్లులేని కీటకాలు, సాలీళ్లు ఉన్నాయి. ఒక వేటగాడు నాలుగు పాముల కోసం చల్లిన పెట్రోలు ఆ గుహల నీటిలోకి దిగవచ్చు. అమెరికాలో ఇరవైకి పైగా రాష్ట్రాలు ఈ పద్ధతిని నిషేధించడమో పరిమితం చేయడమో చేశాయి. టెక్సాస్ వన్యప్రాణి శాఖ 2013లో నిషేధాన్ని ప్రతిపాదించి, సంవత్సరాలపాటు చర్చించి, 2016లో ఏ నిర్ణయమూ లేకుండా పక్కనపెట్టింది.

సంతానం విషయంలో నిదానం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రపు కొండల్లో ఉండే టింబర్ గిలకపాము ఆడది తొమ్మిదో పదో ఏట మొదటిసారి పిల్లలను కంటుంది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకొకసారి. అంటే అది చలికి తలదాచుకునే కలుగును ఒక్కసారి ఖాళీ చేస్తే మళ్లీ నిండటానికి మనుషుల తరం ఒకటి గడిచిపోతుంది. ఆగ్నేయ రాష్ట్రాల్లోని డైమండ్‌బ్యాక్ గిలకపాము, ప్రపంచంలోని గిలకపాములన్నిటిలోకీ పెద్దది, ఎనిమిది అడుగులదాకా పెరగగలదు. దాని ఇల్లు పొడవాకుల పైన్ అడవి. ఆ అడవి ఒకప్పటి విస్తీర్ణంలో దాదాపు మూడు శాతానికి కుంచించుకుపోయింది. చలికి అది గోఫర్ తాబేలు తవ్విన బొరియలో దూరుతుంది. ఆ బొరియలను ఆశ్రయించే జాతులు 350కి పైగా ఉన్నాయి. వాటిలో పెట్రోలు పోయడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. 2009లో వెలువడిన ఒక అధ్యయనం ఆగ్నేయ రౌండప్‌లు తామే రాసిపెట్టుకున్న యాభై ఏళ్ల లెక్కలను విశ్లేషించింది. తెచ్చిన పాముల సంఖ్య, అన్నిటికంటే పెద్ద పాము బరువు తగ్గుతూ వచ్చాయి. బహుమతి అతి బరువైన పాముకే గనక ఏటా పెద్ద పాములే ముందు పోతాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దాన్ని దాటవేయకూడదు. స్వీట్‌వాటర్‌కు తెచ్చే పాము టింబర్ గిలకపాము కాదు, ఆగ్నేయ డైమండ్‌బ్యాక్ కూడా కాదు. ఇంతవరకు టెక్సాస్ గిలకపాము అని చెప్పుకున్న పశ్చిమ డైమండ్‌బ్యాక్. అది త్వరగా ఎదుగుతుంది, విశాలమైన ప్రాంతంలో వ్యాపించి ఉంది, అంతరించే ప్రమాదం లేని జాతుల జాబితాలో ఉంది. అరవై ఏళ్లకు పైగా పడుతున్నా ఏటా దొరుకుతూనే ఉంది కదా అని నిర్వాహకులు అడుగుతారు. ఈ జాతి విషయంలో వాళ్లు చెప్పేది ఒప్పుకోవలసిందే. ఉద్యమకారులు కొందరు రౌండప్‌ల వల్ల గిలక ఆడించని పాములు పెరుగుతున్నాయని కూడా ప్రచారం చేస్తుంటారు. దానికి గట్టి రుజువు లేదు గనక ఈ వాదనలో దాన్ని వాడను. అయితే జాతి అంతరించకపోవడం ఒక ప్రశ్న, ఒక్కొక్క ప్రాణి పడే బాధ మరో ప్రశ్న. వీధికుక్కలు దేశం నిండా ఉన్నాయి. అందుకని ఒక కుక్కను పీపాలో ఎండబెట్టవచ్చని ఎవరూ అనరు. పైగా పట్టిన చోటు రాసి ఉండదు, ఒక్కొక్కరు ఎన్ని పట్టాలో పరిమితి లేదు. వేటగాళ్లు ఏ ఏడు ఎంత దూరం వెళ్లి తెస్తున్నారో తూకం యంత్రం చెప్పదు. పాములు ఏటా దొరుకుతున్నాయనే మాటకు ఆధారం లెక్క కాదు, నమ్మకం.

రెండో అభ్యంతరం మనుషుల ప్రాణాలది, గౌరవించవలసినది. ప్రపంచంలో పాము కాటు భారం ఎక్కువగా మోస్తున్నది మన దేశమే. 2000 నుంచి 2019 దాకా సగటున ఏడాదికి 58 వేల మంది చనిపోయారని 2020లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. ఆ భారం ఎక్కువగా పడిన రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. వరిమళ్లలో వట్టికాళ్లతో నడిచే రైతుకు పాము భయం ఊహ కాదు. అమెరికాలో పరిస్థితి వేరు. ఏటా ఏడు ఎనిమిది వేల మందిని విషసర్పాలు కరుస్తాయి. చనిపోయేది సుమారు ఐదుగురు. అరిజోనాలో 1980లలో చేసిన పరిశీలనలో సగానికి పైగా కాట్లు, పాము ఉందని తెలిసీ తప్పుకోకుండా దాన్ని పట్టుకోబోయి, ఆడించబోయి కొనితెచ్చుకున్నవే. ఇలాంటి చోట పామును చేత్తో ఎత్తి చూపించే వేడుక ఏం నేర్పుతుంది? టెక్సాస్‌లోనే టేలర్ అనే ఊళ్లో, ఎవరు త్వరగా పాములను బస్తాలో వేస్తారన్న పోటీ పేరు మోసింది. కాటు నుంచి తప్పించుకోవడానికి వైద్యులు చెప్పే మొదటి సూత్రం దూరంగా జరగమనే. పోటీ నేర్పేది దానికి సరిగ్గా తలకిందులు. కొండరాళ్లలో చలికాగుతున్న పామును ఊళ్లోకి తెచ్చి చంపితే ఊరికి ప్రమాదం తగ్గదు. అది ఊళ్లో లేదు. గిలకపాములు తినే ఎలుకలు మాత్రం పొలంలో మిగిలిపోతాయి.

మూడో అభ్యంతరం విషం. రౌండప్‌లో తీసిన విషం ప్రాణాలు నిలిపే మందులకు పనికొస్తుందని ప్రతి వేడుకలోనూ మైకులో చెబుతారు. పాము విషం నుంచి మందులు వచ్చిన మాట నిజం. గుండెపోటు వచ్చినప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎప్టిఫిబటైడ్ మందుకు మూలం ఒక చిన్న గిలకపాము విషమే. హైదరాబాదు ఆసుపత్రుల్లోనూ దాన్ని వాడుతున్నారు. కానీ మందుకు కావలసిన విషం ఏ జాతిదో, ఏ ప్రాంతపుదో, ఎప్పుడు తీశారో తెలిసి ఉండాలి. శుభ్రంగా తీసి, చల్లబరచి, పొడిగా మార్చాలి. దుమ్ము, రక్తం, ఎండిపోయిన పాము లాలాజలం కలిసే బహిరంగ దడి ఆ పనికి తగిన చోటు కాదు. కెంటకీ రెప్టైల్ జూ వంటి సంస్థలు తాము పెంచే పాముల నుంచి ఏళ్ల తరబడి విషం తీస్తున్నాయి. బతికిన పాము కొన్ని వారాల్లో మళ్లీ విషం తయారుచేసుకుంటుంది. చచ్చిన పాము ఒక్కసారే ఇస్తుంది. ఈ లెక్కను మన దక్షిణాదిలోని ఇరుళర్ గిరిజనులు ఎప్పుడో ఆచరణలో పెట్టారు. 1972 వన్యప్రాణి చట్టంతో పాము చర్మాల వ్యాపారం ఆగిపోయాక, ఆ వృత్తి మీద బతికినవాళ్లు 1978లో చెన్నై దగ్గర వడనెమ్మేలిలో సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతి ఉన్నంత వరకే పాములను పడతారు. కొన్ని వారాలు కుండల్లో ఉంచి కొన్ని దఫాలు విషం తీస్తారు. పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. దేశంలో పాము కాటుకు ఇచ్చే విరుగుడు మందుకు ఎంతోకాలంగా ఆధారం ఆ విషమే. ఆ ఏర్పాటులోనూ సవరించవలసినవి ఉండవచ్చు. అయినా విషం కోసం పామును చంపనక్కర్లేదని అది నలభై ఏళ్ల కిందటే చూపించింది.

తెలుగు పాఠకుడికి తోచే అభ్యంతరం మరొకటి ఉంది. మన జాతరల్లో పోతులు తెగుతాయి, ఆదివారం పూట ప్రతి సెంటర్లోనూ మేకలు తెగుతాయి. మాంసం తినేవాడికి పామును చూసి జాలిపడే హక్కు ఎక్కడిది? ఈ ప్రశ్నకు అమెరికా చట్టాల చరిత్రలో ఒక జవాబుంది. స్వీట్‌వాటర్ రౌండప్ మొదలైన 1958లోనే అమెరికా కాంగ్రెస్ మానవీయ వధ చట్టం చేసింది. పశువులను, పందులను, గొర్రెలను కోసేముందు అవి స్పృహ కోల్పోయి ఉండాలని ఆ చట్టం చెబుతుంది. తినడానికి చంపడం తప్పా కాదా అనే వాదనలోకి అది వెళ్లలేదు. చంపేటప్పుడు బాధ తగ్గించాలన్న కనీస ఒప్పందాన్ని మాత్రం రాసిపెట్టింది. ఆ ఒప్పందంలో పాముకు చోటు లేదు. జంతు సంక్షేమ చట్టం కూడా వేడి రక్తపు ప్రాణులకే వర్తిస్తుంది. అంటే మాంసం తినే సమాజం తనకు తాను పెట్టుకున్న హద్దునే పాము విషయంలో తీసేసింది. ఎందుకంటే అది నిదానంగా బతుకుతుంది, శబ్దం చేయకుండా చస్తుంది. మాంసాహారి అడగదగిన ప్రశ్నే ఇది. మేకకు ఇచ్చిన హద్దు పాముకు ఎందుకు లేదు?

చివరగా ఊరు, ఆచారం, బతుకుతెరువు. ఈ అభ్యంతరాన్ని నగరాల నుంచి మాట్లాడేవాళ్లు తేలిగ్గా కొట్టేయడం చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. పొడి నేలల నడుమ ఉన్న చిన్న ఊరికి ఏడాదికోసారి ఊరి జనాభాకు రెండింతలకు పైగా జనం రావడం చిన్న విషయం కాదు. హోటళ్లు నిండుతాయి. జేసీస్ సంఘం ఆ డబ్బును ఊరి సేవా పనులకు ఖర్చుపెడుతుంది. ఆచారానికి కూడా దానిదైన బలం ఉంటుంది. మహారాష్ట్రలోని బత్తీస్ శిరాళలో నాగపంచమికి బతికున్న నాగుపాములను పట్టి పూజించి ఊరేగించే సంప్రదాయాన్ని 2014లో బొంబాయి హైకోర్టు ఆపినప్పుడు, చెప్పుకోదగ్గ వ్యతిరేకత వచ్చింది. మన నాగులచవితికి కోరలు పీకిన, మూతి కుట్టిన నాగులను బుట్టల్లో తెచ్చే వాడుక తగ్గిందంటే చట్టంతో పాటు పూజ చేసేవాళ్ల మనసు మారడమూ కారణమే. దాహంతో ఎండిపోయిన పాము పాలు తాగడం భక్తి కాదని తెలిశాక చాలామంది పుట్ట దగ్గరే ఆగిపోయారు. పండగ మాత్రం పోలేదు.

జార్జియాలో జరిగింది సరిగ్గా ఇదే. క్లాక్స్‌టన్ అనే ఊరు 2012లో తన రౌండప్‌ను గిలకపాముల, వన్యప్రాణుల ఉత్సవంగా మార్చింది. పెంపకంలో ఉన్న పాములను నిపుణులు చూపిస్తారు, వేటగాళ్లు తెచ్చే పాములు లేవు. ఫిట్జెరాల్డ్ ఊరు తమ వీధుల్లో తిరిగే అడవి కోళ్ల పేరు మీద పండగ పెట్టుకుంది. 1960 నుంచి పాములను పోగేసిన విగమ్ కూడా 2022 నుంచి పట్టడం మానేసింది. ఫ్లోరిడాలోని శాన్ ఆంటోనియో ఊళ్లోనూ పండగ సాగుతోంది, వేట లేదు. జనం రావడం మానలేదు. అక్కడికి వచ్చేవాళ్లు పెద్ద పామును దగ్గరగా చూడటానికి, పిల్లలను తిప్పడానికి, తినడానికి, పాటలు వినడానికి వచ్చేవాళ్లే. పామూ చావకుండా, కర్రా విరగకుండా అని మనం మాటవరసకు అంటుంటాం. ఆ ఊళ్లు దాన్ని అక్షరాలా చేశాయి. పండగకు కావలసింది జనం, పాము చావు కాదని తేలింది.

పట్టి వదిలేస్తే సరిపోతుందా అంటే, అది ఎక్కడ వదులుతారన్నదాని మీద ఉంటుంది. 1999లో వెలువడిన అధ్యయనంలో, టింబర్ గిలకపాములను తెలియని అడవిలో వదిలితే సగానికి పైగా చచ్చిపోయాయి. తమ అడవిలోనే ఉన్నవాటిలో చావులు చాలా తక్కువ. కొత్తచోట వదిలిన పాము చలికాలానికి తన కలుగు వెతుక్కుంటూ తిరిగి తిరిగి నశిస్తుంది. పెన్సిల్వేనియా ఈ విషయం గ్రహించి, పోటీలకు పట్టిన పామును పట్టిన చోటే వదలాలని నిబంధన పెట్టింది. టెక్సాస్‌లో మొదటి అడుగు ఇంకా చిన్నది. పెట్రోలు వాడకాన్ని ఆపడం. దానికి పండగ రద్దు చేయనక్కర్లేదు, పామును ప్రేమించనక్కర్లేదు. వన్యప్రాణి శాఖ పక్కన పెట్టిన కాగితాన్ని మళ్లీ తీస్తే చాలు. రెండోది పౌండుకింత అనే ధరను తీసేయడం. బరువుకు డబ్బు ఉన్నంత కాలం పీపాలు నిండుతాయి. మూడోది విషం, చర్మం, మాంసం దడులను మూసి, పాములను చూపించే దడిని మాత్రం ఉంచడం. పశ్చిమ డైమండ్‌బ్యాక్ అడవిలో పదిహేను ఇరవై ఏళ్లు బతకగలదు. ఈ మార్చిలో స్వీట్‌వాటర్ ఉన్న నోలన్ కౌంటీ రాళ్ల వాకిట చలికాగే పాముల్లో కొన్ని పదేళ్ల కిందట కూడా అదే వాకిట చలికాగాయి.